మనుషులు లేని దేశపు జెండా

నేను కుట్టిన మొదటి జెండా మనుషులు లేని దేశానిది. దాన్ని విప్పి లంగా కుట్టింది కూడా నేనే. రెండో పని తప్పని అప్పట్లో నంద్యాలలో చాలామంది అన్నారు. మా బడి పెద్ద టీచరమ్మ అంది, మా నాయన అన్నాడు, ఎదురింటి వాళ్ళు అడక్కపోయినా అన్నారు. నేను అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో రాసి పెట్టడానికే ఇది రాస్తున్నాను. గుర్తు లేనిది రాయలేదు, అందంగా ఉంటుందని కలిపిందీ లేదు.

1945 మొదట్లో మాట. యుద్ధం ఇంకా నడుస్తోంది. బట్ట మీద సర్కారు కంట్రోలు, కార్డు ఉన్నవాళ్ళకే కొలిచి అమ్మేవారు. మా ఊరు ఆళ్ళగడ్డ. అక్కడ బజారులో మా నాయనకు బట్టల అంగడి. ఆళ్ళగడ్డలో ఆడపిల్లలకు పెద్ద తరగతులు లేవు కాబట్టి నన్ను నంద్యాలలో మా అమ్మను కన్న అవ్వ దగ్గర పెట్టి చదివించారు. ఎనిమిదో తరగతి. ఆ ఏడాది చివర సర్కారు పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కిన ఆడపిల్లకు టీచరు ట్రైనింగులో చోటు దొరికేది. ట్రైనింగులో ఉన్నన్నాళ్ళూ తిండి, ఉండేచోటు వాళ్ళే చూసేవారు.

జిల్లా కలెక్టరు దొరసాని మా బడికి వస్తుందని జనవరిలో తెలిసింది. యుద్ధ నిధికి చందాలు పోగుచేసే సభ. ఇంగ్లీషు రాజుగారి ఏలుబడిలో ఉన్న దేశాలన్నిటి జెండాలూ పట్టుకుని ఆడపిల్లలు ఆమె ముందు వరుసగా నడవాలని పెద్ద టీచరమ్మ ఏర్పాటు చేసింది. ఆమెది బందరు వైపు. చిన్న వయసులోనే భర్త పోతే చదువుకుని ఉద్యోగంలో చేరిన మనిషి. మా మాట మోటని ఆమెకు, ఆమె మాట సాగుడని మాకు. పాఠం మాత్రం బాగా చెప్పేది. అది కాదనను.

ఆమె ఒక పెద్ద పటం తెప్పించి గోడకు తగిలించింది. పటం నిండా జెండాలే. చాలావాటికి ఒకటే అచ్చు: బట్టంతా నీలం, పై మూల ఇంగ్లీషు వాళ్ళ అడ్డగీతల గుర్తు, అవతలి సగంలో ఆ దేశానిదొక ముద్ర. మన దేశానిది కూడా ఆ వరుసలోనే, ఒక నక్షత్రం ముద్రతో ఉండింది. కూర్చున్న వరుసను బట్టి తలా ఒక జెండా కుట్టమన్నారు. నాకు పటంలో అన్నిటికంటే అడుగున ఉన్నది వచ్చింది. దాని ముద్ర తెల్లని గుండ్రంలో ఒక ఓడ, ఒక సముద్రపు జంతువు.

"ఇది ఏ దేశానిది టీచర్?" అని అడిగాను.

"దక్షిణ ధ్రువం వైపు మంచు ప్రాంతం ఉందమ్మా. అది ఫాక్లాండ్ దీవుల అధీనంలో ఉంటుంది. ఆ దీవుల జెండానే దీనికీని."

"ఆడ ఎవరుంటారు టీచర్?"

"ఎవరూ ఉండరు. అంతా మంచు. పెంగ్విన్లనే పక్షులుంటాయి. తిమింగలాలు పట్టేవాళ్ళు వచ్చి పోతూ ఉంటారు."

"మరి జెండాకు మొక్కేదెవరు టీచర్? పక్షులా?"

తరగతంతా నవ్వింది. నన్ను ఆ గంటంతా నిలబెట్టారు. నేను నవ్వించాలని అడగలేదు. ఇల్లు లేని చోట గడప ఎందుకని అడిగినట్టే అడిగాను. ఆ యుద్ధ సంవత్సరాల్లోనే ఆ మంచు దీవుల్లో ఒక దేశం వాళ్ళు వెళ్ళి తమ గుర్తు పెడితే, ఇంకో దేశం వాళ్ళు వెళ్ళి దాన్ని తీసేసి తమ జెండా పాతి వచ్చారని చాలా ఏళ్ళకు చదివాను. చూసేవాళ్ళు లేని చోట అంత పట్టింపు. తరువాతెప్పుడో ఆ ప్రాంతానికి సొంత ముద్ర ఇచ్చి, జెండాలో నీలం తీసేసి తెల్ల బట్ట చేశారట. మంచుకు తెలుపు సరిపోతుందనుకున్నారేమో. నా కాలానికి మాత్రం అది నీలమే.

నా పక్క చోటు ఆ రోజుల్లో ఖాళీగా ఉండేది. అక్కడ కూర్చునే అమ్మాయిని మేమంతా గోస్పాడు పిల్ల అనేవాళ్ళం. వాళ్ళ నాయన జ్వరంతో పోయాక తల్లీ కూతుళ్ళు గోస్పాడు నుంచి నంద్యాలకు వచ్చేశారు. తల్లి పత్తి మిల్లులో దూది ఏరే పనికి పోయేది. పిల్ల లెక్కల్లో నాకంటే ముందుండేది. నన్ను దాటిన వాళ్ళను నేను ఊరికే మెచ్చుకోను కాబట్టి ఈ మాట నమ్మవచ్చు. అది బడికి రావడం మానేసింది. చూసి వద్దామని మిల్లు వెనక ఉన్న వాళ్ళ ఇంటికి పోయాను.

తలుపు మూసి ఉంది. తట్టాను.

"ఎవరూ?"

"నేనే మే. తలుపు తియ్యి."

"తియ్యను. ఆన్నే ఉండి మాట్లాడు."

"రోగమా ఏంది?"

"రోగమయితే తీస్తుంటి. ఒంటి మీద బట్ట ల్యా."

తలుపు సందులోంచి చూస్తే గోనెసంచి చుట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. పైకి రవికె, పైట ఉన్నాయి కాని, దానికున్న ఒకే లంగా పాతబడి చీలికలైపోయింది. కుడదామంటే సూది పట్టే చోటు లేదు. ఇంట్లో ఒకే చీర ఉంటే అది కట్టుకుని తల్లి మిల్లుకు పోయేది. తల్లి తిరిగొచ్చేదాకా పిల్ల తలుపు వెనకే.

"పరీక్ష కాగితం మీద సంతకం చెయ్యాలంట మే. పెద్ద టీచరమ్మ ముందరే చెయ్యాలంట," అన్నాను.

"గోనెసంచి కట్టుకోని వస్తా. బస్తా మీద మిల్లు ముద్ర కూడా ఉండాది. ఎవరి పిల్లో ఎవరూ అడిగే పని లేదు."

అదే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఉగాది దాటితే పిల్లను కూడా దూది ఏరడానికి తెమ్మని మేస్త్రీ వాళ్ళమ్మకు చెప్పాడట. దూదిలోకి పోయిన ఆడపిల్ల మళ్ళీ పలక పట్టడం మేమెవరమూ చూడలేదు. ఫిబ్రవరి దాటేలోపు అది బడికి వచ్చి సంతకం చేస్తే టీచరవుతుంది, చేయలేకపోతే మిల్లు. మధ్యలో అడ్డం ఉన్నది ఒక లంగా బట్ట.

నావి ఒకటి ఇవ్వవచ్చు కదా అని చదివేవారు అడగవచ్చు. నాకు రెండే ఉండేవి, రెండూ అతుకులవే. అయినా ఇద్దామనే చూశాను. అది నాకంటే జానెడు పొడుగు. నా లంగా దానికి పిక్కల దగ్గరే ఆగిపోయింది. పెద్దమనిషైన పిల్ల అలా వీధిలో నడవలేదు. మా అవ్వవి తెల్ల చీరలు, ముండకోకలు. వాటిని పెళ్ళి కాని పిల్లకు ఇస్తే తల్లే తీసి బయట వేస్తుంది. ఇక మిగిలింది మా నాయన అంగడి.

బస్సులు బొగ్గుతో నడిచే రోజులు. ఆళ్ళగడ్డకు పోతూ శిరివెళ్ళ దగ్గర ఆడా మగా దిగి బస్సును తోశాం. అంగట్లో నాయన ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను.

"రెండు గజాలు చాలు నాయనా."

"కంట్రోలు బట్ట మ్మే ఇది. కార్డు లేనోళ్ళకు గజం ఇచ్చినా అంగడికి తాళం పడతాది."

"వాళ్ళకు కార్డు రాసియ్యరంట. ఊరు మారినారని తిప్పుతాండారంట."

"నేనేం చేసేది? బట్టలంగడి పెట్టుకోని నేనే మీ యమ్మకు చీర ఇయ్యలేకుండా ఉండా."

ఆ మాట నిజమే. మా అమ్మ ఆ ఏడు కొత్త చీర కట్టలేదు. నేను వట్టి చేతులతో నంద్యాలకు తిరిగొచ్చాను.

ఆ తరువాత వచ్చింది జెండా బట్ట. పెద్ద టీచరమ్మ ఒక చీటీ రాసి కంట్రోలు ఆఫీసుకు పంపితే చాలు, పర్మిట్లు వెంటనే వచ్చాయి. దుడ్లు మాత్రం ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళే పెట్టుకోవాలి. మా నాయన పర్మిట్టు మీద రెండు గజాల నీలం బట్ట తీసుకుని తనే నంద్యాలకు వచ్చాడు. మంచి బట్ట. పన్నా, అంటే బట్ట వెడల్పు, ముప్పై ఆరు అంగుళాలు.

"జెండా అంటే ఎంత బిన్నా రాసిచ్చినారో చూడు. అదే మన కార్డుకయితే ఆరు సార్లు తిప్పుతారు," అన్నాడు నాయన.

"జెండాకు సిగ్గవుతాదా నాయనా?"

"ఏందీ?"

"బట్ట లేకపోతే జెండాకు సిగ్గవుతాదా అని. ఈ బట్ట గోస్పాడు పిల్లకు ఇద్దాం."

నాయన అవ్వ వైపు తిరిగాడు. "చూడత్తా, నీ మనవరాలు నన్ను జైలుకు పంపేదాకా నిద్రపోయేట్టు లేదు."

"అది దాని తాత మాదిరి. ఒకటి పట్టుకుంటే వదలదు," అంది అవ్వ. తిట్టిందో మెచ్చుకుందో తెలియదు.

జెండా కుట్టాను. చేసే పని చెత్తగా చేయడం నాకు చేతకాదు. ఇంగ్లీషు జెండాలకు నిడివి వెడల్పుకు రెండింతలు. పన్నా ఒక గజం, నిడివి రెండు గజాలు కాబట్టి నీలం బట్టకు కత్తెర పెట్టే పనే పడలేదు. అంగట్లో చించిన రెండు చివరలు మాత్రం సన్నగా మడిచాను. పై మూల గుర్తు జెండాలో సరిగ్గా నాలుగో వంతు ఉండాలి. దాన్ని వేరే కుట్టి నీలం మీద అతికించాను. తెలుపు అవ్వ పాత చీర ముక్క, ఎరుపు ఒక బొంతలోంచి తీసినది. ఆ గుర్తులో ఏటవాలు ఎర్ర గీతలు తెల్ల గీతల నడిమధ్యన ఉండవు, ఒక పక్కకు జరిగి ఉంటాయి. కొయ్య వైపు వెడల్పు తెలుపు పైకి రావాలి. అది తిరగబడితే ఆపదలో ఉన్నామని అర్థమట. మా తరగతిలో సగం జెండాలు ఆపదలోనే ఉండినాయి. నాది కాదు.

ముద్రకు తెల్లని గుండ్రం కోసి, మీద సిరాతో బొమ్మ వేశాను. ఓడ బాగానే వచ్చింది. జంతువును చూసి అవ్వ చాలాసేపు ఆలోచించింది.

"ఇదేందే, బర్రెకు చేప తోక పెట్టినావు?"

"సముద్రంలో ఉంటాదంట అవ్వా."

"పాలిస్తాదా?"

"ఏమో."

"తెలుసుకోకుండానే కుట్టినావా?"

జెండా ముగించి మడిచి పీట మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. వచ్చేసరికి అవ్వ దాన్ని విప్పి నాలుగు మూలలా పసుపు పెట్టేసింది. మా ఇళ్ళల్లో కొత్త బట్ట ఏదైనా మూలలకు పసుపు పెట్టకుండా ఒంటి మీదికి పోదు. రవికె గుడ్డయినా, తుండుగుడ్డయినా అంతే. అవ్వకు అది ఆలోచించి చేసే పని కాదు. పొయ్యి దగ్గరికి పోతే కొంగు బిగించుకున్నట్టు, కొత్త బట్ట కనిపిస్తే వేలు పసుపు గిన్నెలోకి పోతుంది. మూడు మూలలు నీలం కాబట్టి కనిపించలేదు. నాలుగో మూల అవ్వ పాత చీర తెలుపు. దాని మీద బొటనవేలంత పసుపు.

"అవ్వా! జెండాకు పసుపు పెట్టినావేందవ్వా!"

"కొత్త బట్ట గదా. పెట్టకుండా పంపుతారా? కట్టుకునేటోళ్ళకు మంచిది కాదు."

"జెండాను ఎవరు కట్టుకుంటారు?"

"నాకేం తెలుసు? బట్ట తెచ్చినారు, కుట్టినావు. నేను చెయ్యాల్సింది చేసినా."

సబ్బు పెడితే పసుపు ఎర్రగా తిరుగుతుంది. ఎండకు వేస్తే పోతుంది కాని దానికి కొన్ని ఎండలు కావాలి. మరునాడే బడిలో జెండాలు చూపించాలి. అలాగే తీసుకుపోయాను.

పెద్ద టీచరమ్మ కొలత చూసి తలూపింది. వెడల్పు తెలుపు సరైన వైపు ఉందని మిగతావాళ్ళకు చూపించింది. తరువాత మూల దగ్గర ఆగింది.

"ఏమిటిది? పసుపా?"

"అవును టీచర్. మా అవ్వ పెట్టింది. కొత్త బట్ట గదా."

"రాజుగారి జెండా అమ్మా ఇది, పెళ్ళికూతురు కాదు! దొరసాని చూస్తే మరకల జెండా పట్టించారనుకోదూ? ఆ మూల విప్పేసి వేరే తెల్ల గుడ్డ వేసి పట్టుకురా. సభకు ఇంకెంత వ్యవధి ఉందని?"

ఇంటికి వచ్చి అవ్వను ఇంకో తెల్ల ముక్క అడిగాను.

"ఎందుకు?"

"పసుపు పడిన ముక్క పనికిరాదంట."

అవ్వ చేస్తున్న పని ఆపింది. "ఎవరన్నారు?"

"పెద్ద టీచరమ్మ."

"ఆమె బొట్టు పెట్టకపోతే పెట్టకపోయింది, పసుపు పనికిరాదంటాదా? నేను ఇయ్యను. పసుపు పెట్టినాక అది మనిషి బట్ట. మనిషే కట్టుకోవాల. కొయ్యకు కట్టేదయితే నాకు ముందే చెప్పింటే ముట్టకపోతుంటి."

"జెండా అంటే కొయ్యకే కడ్తారవ్వా."

"అయితే అది ఇప్పుడు జెండా కాదు."

నాకు మొదట కోపం వచ్చింది. అవ్వ ముక్క ఇచ్చేట్టు లేదు, నా దగ్గర వేరే తెలుపు లేదు. ఉన్న ముక్కనే విప్పి తిరగేసి కుడదామని గుమ్మంలో కూర్చుని మూల కుట్లు విప్పాను. అడ్డగీతల గుర్తు మొత్తం చేతిలోకి ఊడి వచ్చింది. కింద నీలం బట్ట చెక్కుచెదరకుండా ఉంది. దానిమీద చేయి వేసి అలాగే కూర్చున్నాను. గజం పన్నా. గోస్పాడు పిల్లకు నడుము నుంచి చీలమండ దాకా ముప్పై నాలుగు అంగుళాలు. పైన బొందు పట్టీకి రెండు అంగుళాలు పోతే సరిగ్గా ముప్పై నాలుగు. రెండు గజాల చుట్టు. కుచ్చిళ్ళు ఎక్కువ రావు కాని అడుగు పడుతుంది. ఒక్క నిలువు కుట్టు వేస్తే అది లంగా.

అవ్వ చెప్పింది ఆచారం. నేను చేసింది లెక్క. రెండూ ఒకే చోటికి వచ్చాయి. గుండ్రం ముద్ర కూడా విప్పేశాను. నిలువు కుట్టు వేశాను, బొందు దూర్చాను. పొద్దు వాలకముందే మిల్లు వెనక ఇంటి తలుపు సందులోంచి లోపలికి తోశాను.

లోపల మడత విప్పిన చప్పుడైంది.

"ఇది కొత్త బట్ట గదమ్మే. యాడిది?"

"జెండాది."

"ఏ జెండాది?"

"ఎవరూ లేని దేశానిది. అడిగేటోళ్ళు రారులే."

"అడిగేటోళ్ళు ఆ దేశం నుంచి రారు, నంద్యాల పోలీసుటేసను నుంచి వస్తారు. నలభై రెండులో మూడు రంగుల జెండా పట్టుకున్నోళ్ళను పట్టకపోయిరి. నన్ను జెండా కట్టుకున్నేనికి పట్టకపోతారు."

"జైల్లో బట్టలిస్తారంట."

"అట్లయితే ముందే చెప్పింటే పోయొస్తుంటి."

తలుపు తెరుచుకుంది. అది వీధిలోకి వచ్చి నిలబడింది. వెనక గుండ్రం ముద్ర ఉన్న చోట సూది బొక్కలు చుట్టూ కనిపిస్తున్నాయి. నేను చెప్పాను. అది మెడ తిప్పి చూసుకుని, "కూచుంటే కనపడవులే. పరీక్ష కూచోనే గదా రాసేది," అంది.

సభ రోజు వచ్చింది. నేను మానలేదు. మానితే భయపడ్డానని అర్థం. వెదురు కొయ్య ఒక్కటి పట్టుకుని వరుసలో నా చోట నిలబడ్డాను. పెద్ద టీచరమ్మ చూసేటప్పటికి దొరసాని మెట్లెక్కుతోంది. ఆమె ఏమీ చేయలేకపోయింది, కళ్ళతో తప్ప. జెండాలు ఒకటొకటే దొరసాని ముందు నుంచి నడిచాయి. నా వంతు వచ్చింది. ఉత్త కొయ్య చూసి దొరసాని ఆపమని చేయెత్తి ఏదో అడిగింది. మా ఇంగ్లీషు టీచరు తెలుగులో అడిగింది:

"నీ జెండా ఏదని అడుగుతున్నారు."

"మనిషికి ఇచ్చేసినాను టీచర్. ఆ దేశంలో మనుషుల్లేరు, ఈడ ఉండారు."

మా ఇంగ్లీషు టీచరు దొరసాని వైపు తిరిగింది. ఇంగ్లీషులో ఒక చిన్న మాట చెప్పింది. దొరసాని నవ్వి, తలూపి, నన్ను పొమ్మంది. జెండా ఉతకడానికి వేశారని చెప్పిందట. నేను అన్న మాట దొరసానికి చేరలేదు. అందుకు నాకు చాలా కాలం కోపంగా ఉండేది. కానీ నేను ఆ మాట అన్నాను. బడి మొత్తం విన్నది.

సోమవారం గోస్పాడు పిల్ల సంతకానికి వచ్చింది. నేను కూడా పెద్ద టీచరమ్మ గదిలోనే ఉన్నాను. జెండా సంగతి తేల్చడానికి నన్ను పిలిపించింది. పిల్ల లోపలికి వచ్చింది. టీచరమ్మ లంగా వైపు చూసింది, ఎందుకో ఒకసారి వెనక్కి తిరగమంది. సూది బొక్కల గుండ్రం చూసింది. ఎవరూ ఏమీ చెప్పే పని లేకపోయింది.

"ఇది బడి జెండాకని పర్మిట్టు మీద తెచ్చిన గుడ్డ. ఆఫీసులో నేను మాటిచ్చి తెప్పించాను. ఇది తిరిగి ఇచ్చెయ్యాలి, తెలుసునా?" అంది.

గోస్పాడు పిల్ల నా వైపు చూడలేదు. బొందు ముడి మీద చేయి వేసింది.

"ఈన్నే ఇప్పి ఇయ్యాల్నా టీచర్?"

వెక్కిరింపు కాదు. ఇప్పమంటే ఇప్పేట్టే నిలబడింది. టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. తరువాత పరీక్ష కాగితం ముందుకు తోసి, "ఇక్కడ సంతకం చెయ్యి," అంది. అది చేసి వెళ్ళిపోయింది. మనసు లేని మనిషని టీచరమ్మ గురించి నేను ఎన్నడూ అనలేదు.

నన్ను మాత్రం వదల్లేదు. ఆఫీసుకు ఆమె జవాబు చెప్పుకోవాలి. బడి బట్టను అనుమతి లేకుండా తీసుకున్నాను, తప్పయింది, క్షమించమని కాగితం రాసివ్వమంది. రాసిస్తే అంతటితో సరి. లేకపోతే నా ప్రవర్తన బాగాలేదని పరీక్షకు నా పేరు పంపదు.

కబురు అందగానే నాయన ఆళ్ళగడ్డ నుంచి వచ్చాడు. బస్సు మసి ఇంకా ముఖాన ఉంది.

"ఒక్క మాట రాసియ్యి మ్మే. చెయ్యి అరిగిపోతాదా?"

"తీసుకున్నానని రాస్తే అది దొంగ బట్టవుతాది నాయనా. దొంగ బట్టను దాని ఒంటి మీద ఉంచుతారా? తప్పు నాదని రాస్తే బట్ట వాళ్ళది. నేను రాయకపోతే అది మనం కొన్న బట్ట. నువ్వు దుడ్లిచ్చి తెచ్చిన బట్ట."

నాయన అంగడి మనిషి. లెక్క చెప్తే అర్థమవుతుంది. కాని అర్థమైనంత మాత్రాన ఒప్పుకోలేదు. "నీ సంవత్సరం పోతాది," అన్నాడు. "పోనీ," అన్నాను. "తిక్కదానా," అన్నాడు. అవ్వ మధ్యలో వచ్చి, "అల్లుడా, నీళ్ళు పెట్టినా, ముఖం కడుక్కో," అంది. నాయన ముఖం కడుక్కుని, అన్నం తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. పెద్ద టీచరమ్మ దగ్గరికి మాత్రం పోలేదు. పోయి నా బదులు తనే రాసిచ్చి ఉండవచ్చు. రాయలేదు. అది నేను మరచిపోలేదు.

ఈ సంగతి గోస్పాడు పిల్లకు ఎవరో చేరవేశారు. అది వచ్చి మా గుమ్మంలో నిలబడి నన్ను కేకేసింది.

"నీ పరీక్ష పోతాందంట గదమ్మే. ఇదో, సాయంత్రం మాయమ్మ వచ్చినాక ఇప్పి పంపిస్తా. ఇచ్చేసి రాసుకో."

"ఇప్పితే కాళ్ళిరగ్గొడ్తా."

"నీకేం పట్టిందే? నీదెందుకు పోగొట్టుకుంటావ్?"

"నాకు ఒక సంవత్సరం పోతే వచ్చే ఏడు ఉంటాది. మా నాయనకు అంగడి ఉండాది, కూడు పెడ్తాడు. నీకు ఈ ఏడు పోతే మిల్లు. చెప్పు, ఎవరిది పోతే తక్కువ? నువ్వు లెక్కల్లో నాకంటే మేలు గదా."

అది కూడా ఆ లెక్క వేసి చూసింది. లెక్క తప్పుంటే పట్టుకునేదే. తప్పు లేదు. చివరికి, "నువ్వు మంచిదానివి కాదే. మొండిదానివి," అని తిట్టి పోయింది.

పరీక్షల రోజుల్లో నేను కేంద్రం గేటు బయట గోడ నీడన కూర్చునేదాన్ని. నన్ను చూసి మా తరగతి పిల్లలు కొందరు జాలిపడ్డారు, కొందరు నవ్వారు. ఎందుకు కూర్చున్నావని అడిగితే, "నా బట్ట లోపల పరీక్ష రాస్తాంది," అన్నాను. ప్రతి పరీక్ష తరువాతా అది బయటికి రాగానే ప్రశ్న కాగితం గుంజుకుని నేనూ జవాబులు చెప్పుకునేదాన్ని. ఒక లెక్కలో నా జవాబు, దాని జవాబు కలవలేదు. ఇద్దరం గేటు దగ్గరే పోట్లాడుకున్నాం. దానిదే సరి.

అది గట్టెక్కింది. మా బడిలో అందరికంటే పైన వచ్చింది. ఆ జూన్‌లో ట్రైనింగుకని కర్నూలుకు పోతుంటే నంద్యాల స్టేషనుకు పోయాను. వాళ్ళమ్మ మిల్లు పని వదిలి రాలేదు, వస్తే ఆ పూట కూలి పోతుంది. రైలు కదిలేముందు అది కిటికీలోంచి చెయ్యి చాచి నా జడ పట్టుకుని లాగింది.

"వచ్చే ఏడు రాస్తావా, ఆళ్ళగడ్డకు పోయి మీయమ్మకు పప్పు రుబ్బుకుంటా కూచుంటావా?"

"రాస్తాలే. జడ వదులు."

"రాయకపోతే ఆళ్ళగడ్డకు వచ్చి నడిబజారులో మీ నాయన ముందరే ఈడ్చకపోతా."

ఆ తరువాతి సంవత్సరం బడి తరఫున కాకుండా, ఆళ్ళగడ్డ నుంచి ప్రైవేటుగా ఫీజు కట్టి రాశాను. పెద్ద టీచరమ్మకు ఏ కాగితమూ రాసివ్వలేదు, ఎవరూ ఈడ్చుకుపోవలసిన పనీ రాలేదు. నా కాళ్ళతో నేనే పోయి రాసి వచ్చాను.